ఊఁ కొట్టినవాడు

చనిపోయిన కవూమా నోరు మూసుకున్నాక కూడా ఎనిమిది సెకన్లు మాట్లాడాడు. టీవీలో బొమ్మ ఆగిపోయి ముసలాయన మొహం బిగుసుకుపోయింది. గొంతు మాత్రం "ఇంతే, నా మాట ఇంతే" అంటూ సాగింది. చూస్తున్న చుట్టాల్లో సగంమంది శిలువ గుర్తు వేసుకున్నారు, మిగతా సగంమంది గడప దాటారు. కవూమా తమ్ముడు ముగాంబే ఒక్కడే కుర్చీలోంచి కదలలేదు. "ఇది మా అన్న మాట కాదు, వీజే పని" అన్నాడు.

ఆ మాట సాయంత్రానికల్లా న్యెండో బజారంతా పాకింది. పాకదూ మరి! పై దేశాల సినిమా ఆడుతుంటే పక్కన మైకు పట్టుకుని, చైనావాడు తన్నుకున్నా అమెరికావాడు ఏడ్చినా వాళ్ళ నోట మన లుగాండా భాష పలికించేవాడే వీజే. న్యెండోలో ఆ విద్య తెలిసినవాడు కటెండే ఒక్కడే. పదిహేనేళ్ళు అరిచి అరిచి గొంతు పాడుచేసుకుని, ఇప్పుడు పుస్తకం ఒక్కటి కూడా లేని ఒక లైబ్రరీ నడుపుతున్నాడు. జనం పెన్‌డ్రైవ్‌లు పట్టుకొస్తే సినిమాలు ఎక్కించి ఇస్తాడు, ఫోన్లో తీసిన పెళ్ళి వీడియోలను టీవీలో ఆడేలా మార్చి ఇస్తాడు. కవూమా వీడియోను అతను కంటితో కూడా చూడలేదు. అయినా చపాతీలు కాల్చే మనిషి పొద్దున్నే అడిగాడు, "ఏం వీజే, ఈ మధ్య చచ్చినవాళ్ళకీ మాటలు చెబుతున్నావటగా?"

కటెండే నవ్వి ఊరుకున్నాడు గాని, లోపల మండింది.

గురువారం మధ్యాహ్నం కవూమా భార్య నకియింగి వచ్చింది. పద్ధతి ప్రకారం మోకాళ్ళ మీద కూర్చుని పలకరించింది, చూపు మాత్రం అతని మొహం మీంచి కదపలేదు.

"ముగాంబే ముందే వచ్చి నీతో మాట్లాడాడా?" అంది.

"ఎవరూ రాలేదమ్మా. ఏం కావాలి?"

"నిజంగా రాలేదా?"

"నమ్మకపోతే వేరే కొట్టుకి వెళ్ళు."

"మసాకాలో వేరే కొట్టుకి వెళ్ళే కదా ఇలా అయింది" అంటూ పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టింది.

సంగతి ఇదీ. కవూమాకి జబ్బు ముదిరాక ఒకరోజు ఫోన్‌ను టీ ఫ్లాస్కుకి ఆనించి పెట్టమన్నాడు. నువ్వు తోటలోకి వెళ్ళు, నేను ఒంటరిగా మాట్లాడుకోవాలి అన్నాడు. తన తర్వాత వారసుడు ఎవరైనా సరే, ఇల్లూ ఇంటిచుట్టూ ఉన్న అరటితోటా నకియింగివేననీ, ఆమెను అక్కడినుంచి ఎవరూ లేపకూడదనీ చెప్పాడు. తర్వాత నాలుగు రోజులకు పోయాడు. ఏడుపుల మధ్య ఫోన్ కింద పడితే ముగాంబే చెప్పు దాని మీద పడింది, తెర ముక్కలైంది. పొరపాటున పడిందని అతను అన్నాడు. అతను అన్నాడు కాబట్టే నకియింగి నమ్మలేదు. మసాకా పట్నంలో ఎవరో ఫోన్లోంచి వీడియో లాగి, టీవీకి సరిపోయేలా మార్చి ఇచ్చారు. అదే ఈ గొంతు వెనకబడిన వీడియో.

శనివారం లుంబే. చావు తంతులు ముగించి వారసుడి భుజాన బెరడు బట్ట వేసే రోజు. వంశం పెద్దలు ఆ రోజు ఏది తేలిస్తే అదే ఖాయం. వాళ్ళు ముందే చెప్పేశారు: వీడియో సరిగ్గా ఉండాలి, పైగా ఆ మాట విన్న సాక్షి వంశంలో ఒక్కడైనా ఉండాలి. వీడియో తీసిన రోజున పశువుల బేరానికి ల్యాంటోండే ఊళ్ళో ఉన్నానంటున్నాడు ముగాంబే. సాక్షి లేడు, వీడియో చూస్తే దయ్యం పట్టినట్టుంది. మాట నిలబడకపోతే ఇల్లూ తోటా ముగాంబే పరమవుతాయి, ఆదివారం పొద్దున్నే నకియింగి ఇద్దరు కూతుళ్ళనూ వెంటపెట్టుకుని, చాప చుట్టి నెత్తిన పెట్టుకుని పుట్టింటి దారి పట్టాల్సిందే.

"శనివారం లోపల పెదవులకీ మాటకీ పొత్తు కుదర్చాలి" అంది.

కటెండేకి అది చిన్న పని అనిపించింది. మాట వెనకబడితే ముందుకు జరపాలి, అంతే. గొంతును ఎనిమిది సెకన్లు ముందుకు జరిపాడు. చివర అతికినట్టు సరిపోయింది. మొదలు చూస్తే ముసలాయన నోరు తెరవకముందే మాట వచ్చేస్తోంది. పొట్టి దుప్పటి వ్యవహారం, తల కప్పితే కాళ్ళు బయట. సరేనని జరిపినదంతా తీసేసి, ఒక్కో నిమిషం దగ్గర ఆపి తేడా కొలిచాడు. మొదట్లో తేడా లేదు. రెండో నిమిషానికి రెండున్నర సెకన్లు, నాలుగో నిమిషానికి అయిదు దాటింది, ఆరో నిమిషానికి ఎనిమిది. అక్కడ ఆగిపోయింది. ఆరు నుంచి పదకొండు దాకా ఎనిమిదే. పెరగదు, తరగదు.

కటెండే కుర్చీలో వెనక్కి వాలాడు. మామూలు తేడా అయితే చివరిదాకా పెరుగుతూనే ఉంటుంది. ఒకచోట ఠక్కున ఆగిందంటే అక్కడ ఎవరిదో చెయ్యి పడింది. సరిగ్గా ఆ ఆరో నిమిషంలోనే కవూమా మాట మధ్యలో ఆపి, పక్కకి చూసి, చెయ్యి కొంచెం ఎత్తి, మళ్ళీ మొదలుపెడుతున్నాడు. కొంచెం తర్వాత బరబరమని ఏదో చప్పుడు.

"అమ్మా, ఇక్కడ ఏం కత్తిరించారు?"

"కత్తిరించడం ఏమిటి?"

"నాతో ఆటలొద్దు. పదిహేనేళ్ళు సినిమాల మధ్యే బతికాను, కత్తెర పడిన చోటు కళ్ళు మూసుకుని చెప్పగలను. ముసలాయన నీకు నచ్చనిదేదో అన్నాడు, తీయించేశావు. అవునా?"

నకియింగి లేచి నిలబడింది. "ముగాంబే రాలేదన్నావే. వాడు రాకుండానే వాడి మాటలు నీ నోట్లోకి ఎలా వచ్చాయి?"

"అసలు ఫోన్ తెచ్చివ్వు, తేలిపోతుంది."

ఆమె చెయ్యి ఒంటి మీది గోమెసి గౌను నడికట్టు మీదికి పోయింది. ఫోన్ అందులోనే ఉందని పసిపిల్లకైనా తెలుస్తుంది. "ఇవ్వను. ఒకడికి ఇస్తే మాట వెనకబడింది. ఇంకొకడికి ఇస్తే మాటే పోతుంది" అని పెన్‌డ్రైవ్ లాక్కుని వెళ్ళిపోయింది. ఇవ్వనన్నదంటే దాస్తోందన్నమాటే అనుకున్నాడు కటెండే.

మర్నాడు పొద్దున కొట్టు తలుపు తీస్తూండగానే ముగాంబే వచ్చాడు. బట్టతల, ఇస్త్రీ చేసిన, పాదాల దాకా దిగే తెల్ల కన్జూ అంగీ, మీద కోటు. కవలల తండ్రి కాబట్టి ఊరంతా అతన్ని సలోంగో అంటుంది. వెనక మాత్రం తుమ్మెద అంటుంది. ఎందుకంటే, ఈ బుగాండా సీమలో పలకరింపు అంటే ఒక్క మాటతో తేలేది కాదు. బాగున్నారా, బాగున్నాం, ఇంట్లో అందరూ, అందరూ బాగే, ఆ తర్వాత ఊఁ అంటే ఊఁ, ఊఁ అంటే ఊఁ అంటూ ఇద్దరూ పెదవి విప్పకుండా కాసేపు మూలగాలి. అందరూ చేసేదే. ముగాంబే ఊఁ మాత్రం వేరు. పొడుగ్గా మొదలై, మధ్యలో పైకి లేచి, చివర ముక్కులో చిన్న ఈలతో తెగుతుంది. చీకట్లో విన్నా ఎవరో చెప్పేయొచ్చు.

"రాత్రి నిద్ర బాగా పట్టిందా వీజే?"

"పట్టింది సలోంగో. మీ ఇంట్లో అందరూ?"

"ఊఁఁ...ఊఁహ్." ఈల.

"ఊఁ."

"ఊఁఁ...ఊఁహ్." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా వదిన వచ్చిందటగా."

"వచ్చింది, వెళ్ళింది."

"నీ మంచికే చెబుతున్నా తమ్ముడూ. దాన్ని ముట్టుకోకు. నువ్వు బాగుచేస్తే జనం ఏమంటారు? వీజే కదా, నోట్లో మాటలు కుక్కాడంటారు. రేపు పెద్దలు అడిగితే ఇది కల్తీది అని ఒక్క మాట చెప్పు, నీ పేరు నిలబడుతుంది."

"కల్తీదే అయితే దాని మానాన అదే పడిపోతుందిగా సలోంగో. నేను చెప్పడం ఎందుకు?"

ముగాంబే నవ్వాడు. కళ్ళు నవ్వలేదు. "అసలు ఫోన్ ఎక్కడుందో చెప్పిందా?"

"చెప్పలేదు."

"ఊఁఁ...ఊఁహ్" అని లేచి వెళ్ళిపోయాడు.

నిన్న నకియింగి మీద పెట్టుకున్న అనుమానం కటెండే మనసులో ముగాంబే వైపు తిరిగింది. గెలుస్తానని తెలిసినవాడు పొద్దున్నే లేచి బతిమాలడానికి రాడు. తెర పగిలిన ఫోన్‌తో ఇతనికేం పని? పోనీ, ఇద్దరూ దొంగలే అయితే? మధ్యలో నలిగేది తన పేరే. కొట్టు మూసి తిన్నగా కవూమా ఇంటికి నడిచాడు.

నకియింగి వాకిట్లో లుంబే కోసం అరటికాయలు చెక్కుతోంది. కత్తి కింద పెట్టకుండానే, "ముగాంబే నీ దగ్గరికి వచ్చాడట. ఇప్పుడు మాటలు కాకుండా ఫోనే పట్టుకుపోదామని వచ్చావా?" అంది.

"నీ చేత్తోనే పట్టుకో. నా కొట్టులో నా పక్కనే కూర్చో. నేను ఏం నొక్కినా అడుగు, చెబుతాను. నాకు తెలియాల్సింది ఒక్కటే, ఆరో నిమిషంలో ఏమైంది?"

"నేను తోటలో ఉన్నాను. నాకేం తెలుసు?"

కవూమా పడుకున్న గది చూపించమన్నాడు. చిన్న కిటికీ, దాని మీద మందపాటి గుడ్డ, పగలే మసకగా ఉంది. వెనక తలుపు రేకుది. తోస్తే కింద నేలకు రాసుకుని బరబరమంది. తెల్లటి ఎండ మంచం దాకా పడింది.

కటెండే తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఆ రోజు నువ్వు తోటకి వెళ్ళినప్పుడు ఇది వేసుందా?"

"వేసే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బార్లా తెరిచుంది. మేక తోసిందనుకుని దాన్ని తిట్టాను."

"మేక కాదేమోనమ్మా. పద."

కొట్టులో నకియింగి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. తీగ మాత్రం కంప్యూటర్‌కి పెట్టనిచ్చింది. అతను ఏది నొక్కినా "అదేంటి?" అని అడుగుతూనే ఉంది. కటెండే ఓపిగ్గా చెప్పాడు. "ఫోన్ బొమ్మలు సమంగా తీయదు. మసకలో మెల్లగా తీస్తుంది, వెలుతురొస్తే వేగంగా తీస్తుంది. ఏ బొమ్మ ఎప్పుడు తీసిందో దాని వెనకే రాసుకుంటుంది. పట్నంలో మార్చినవాడు ఆ సమయాలు పారేసి, బొమ్మలన్నీ ఒకే ఎడంతో పేర్చేశాడు. మసకలో తీసినవి పరిగెత్తాయి, గొంతు దాని నడక అది నడిచింది. అందుకే వెనకబడింది."

"మరి ఆరో నిమిషంలో ఎందుకు ఆగింది?"

"అక్కడ్నుంచి ఫోన్ సరైన వేగంతో తీసింది. ఎందుకంటే గదిలోకి వెలుతురొచ్చింది."

కత్తెర పడలేదు. తలుపు తెరుచుకుంది, అంతే. నిన్న అన్న మాటలు కటెండేకి ముల్లులా గుచ్చుకున్నాయి. తప్పు ఒప్పుకోవడం అతనికి చేతకాని విద్య. ఒప్పుకోలేదు, పని మీద పడ్డాడు.

బొమ్మల సమయాలు బొమ్మలకే ఉంచి, గొంతును ముట్టుకోకుండా మార్చాడు. ఆడించి చూశారు. ఆరో నిమిషంలో కవూమా పక్కకి చూశాడు, బరబర చప్పుడు సరిగ్గా అప్పుడే వచ్చింది, మొహం మీద ఎండ పడింది, చెయ్యి కొంచెం ఎత్తాడు. ఎవరినో కూర్చోమన్నాడు. తొమ్మిదో నిమిషంలో, "విన్నావు కదా తమ్ముడూ?" అన్నాడు. ఇదివరకు అది వంశంలోని తమ్ముళ్ళందరినీ ఉద్దేశించి అన్న మాట అనుకున్నారు. ఆ తర్వాత కప్పు ఎత్తి నీళ్ళు తాగాడు. గొంతులో గుటక పడింది. సరిగ్గా అప్పుడు వినిపించింది.

ఊఁఁ...ఊఁహ్. చివర ఈల.

పాత వీడియోలో ఆ ఊఁ కప్పు దించి పెదవులు మూసుకున్న తర్వాత వచ్చేది, ముసలాయనే అన్నట్టుండేది. నీళ్ళు మింగుతున్నవాడు ఊఁ కొట్టలేడు.

"తుమ్మెద" అంది నకియింగి. "అన్నీ విన్నాడు. విని కూడా..."

"రేపు నేను ఇది చెబితే ఎవరూ నమ్మరమ్మా. ఆ ఊఁ నేనే కలిపానంటాడు. కలపగలను కూడా." అని పాడైన గొంతుతోనే ముగాంబే ఊఁ కొట్టి చూపించాడు, ఈలతో సహా.

నకియింగి ఉలిక్కిపడి ఫోన్‌ను గుండెకి హత్తుకుంది. నిన్నటి చూపే మళ్ళీ కళ్ళలోకి వచ్చింది. వెధవ విద్య చూపించకుండా ఉండలేవా అని కటెండే తన్ను తానే తిట్టుకున్నాడు.

శనివారం అరటితోటలో పందిరి వేశారు. ముగాంబే పొద్దుటి నుంచీ పందిరి ముందే నిలబడి, వచ్చిన ప్రతివాడినీ పలకరిస్తూ ప్రతివాడికీ నిండుగా ఊఁ కొట్టాడు. పెద్దలు చాపల మీద కూర్చున్నారు. వాళ్ళలో పెద్దవాడు, అందరూ జజ్జా, అంటే తాత, అని పిలిచే వామాలా. ఎనభై దాటాయి, చూపు మందగించింది. చెవులు మాత్రం బంగారం. వారసుడికి బట్ట కప్పే ముందు వీడియో వేయమన్నాడు.

పదకొండు నిమిషాలూ ఎవరూ దగ్గలేదు. పెదవీ మాటా కలిసే నడిచాయి. కటెండే కప్పు దగ్గర ఆపి, తలుపు సంగతీ వెలుతురు సంగతీ చెప్పి, ఆ ముక్క మళ్ళీ వినిపించాడు. పందిట్లో తలలన్నీ ముగాంబే వైపు తిరిగాయి.

ముగాంబే లేచాడు. "నేను ల్యాంటోండేలో ఉన్నానని ముందే చెప్పాను. వీజే గాడికి ఒక ఊఁ ఎంత? వాడినే అడగండి."

"కొట్టగలవా నాయనా?" అన్నాడు వామాలా.

అబద్ధం చెబితే తప్పించుకోవచ్చు. కటెండే నకియింగి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. "కొట్టగలను తాతా" అన్నాడు.

"ఏదీ."

కొట్టాడు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ముగాంబే చేతులు చాచి, "విన్నారుగా" అన్నాడు. పందిరి మొత్తం అతని వైపు వాలిపోయింది. నకియింగి కూతుళ్ళిద్దరినీ దగ్గరికి లాక్కుంది, అప్పుడే బయల్దేరుతున్నట్టు.

వామాలా సొరబుర్రలోంచి అరటి సారా ఒక గుక్క తాగి మూతి తుడుచుకున్నాడు. తర్వాత, కొత్తగా వచ్చినవాణ్ణి పలకరించినట్టు తీరిగ్గా మొదలుపెట్టాడు.

"బాగున్నావా ముగాంబే?"

ముగాంబే తికమకపడ్డాడు. "బాగున్నాను తాతా."

"ఇంట్లో అందరూ?"

"బాగున్నారు."

"ఊఁ" అన్నాడు వామాలా, ఆగాడు.

ఇప్పుడు ఊఁ కొట్టాల్సిన వంతు ముగాంబేది. నోటి మాట వచ్చిన నాటినుంచీ రోజుకి వందసార్లు కొట్టిన ఊఁ. అతను పెదవులు తడుపుకుని, "అవును తాతా" అన్నాడు.

"పిల్లలు?"

"బాగున్నారు తాతా."

"ఊఁ."

"అవును."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని వినడమే గాని, కళ్ళెదుట చూడటం చాలామందికి అదే మొదలు. పొద్దున్న అతనితో ఊఁ కొట్టించుకున్నవాళ్ళు వందమందికి పైగా అక్కడే కూర్చుని ఉన్నారు.

"నీ ఊఁ ఏమైంది నాయనా?" అన్నాడు వామాలా. కోపం లేదు ఆ గొంతులో. "వీజే నీ ఊఁ మీ అన్న వీడియోలో పెట్టాడన్నావు, సరే. నీ నోట్లోది కూడా తీసేశాడా?"

ముగాంబే టీవీ వైపు చూశాడు. కవూమా కప్పు ఎత్తి పట్టుకుని అలాగే ఆగి ఉన్నాడు.

"మీ అన్న అడిగిందే నేనూ అడుగుతున్నాను. విన్నావు కదా?"

ముగాంబే నుదుటి చెమట కోటు మీద పడింది. చివరికి ఆ ఊఁ అతని అనుమతి లేకుండానే వచ్చినట్టు వచ్చింది. పొడుగ్గా మొదలై, పైకి లేచి, ముక్కులో చిన్న ఈలతో తెగింది.

నకియింగి నడికట్టులోంచి ఫోన్ తీసి, చాప మీద కటెండే ముందు పెట్టి, అరటికాయల కుండ దించడానికి వెళ్ళింది.